జింజాకి పన్నెండు డప్పులు

జూన్ మొదటి ఆదివారం బబీర్యే ఫోన్ చేసి డప్పులన్నీ పోయాయని చెప్పింది.

"ముజే, పన్నెండూ పోయాయి," అంది. ముజే అంటే అక్కడ పెద్దాయన అని. ఏప్రిల్ వానలకి గోడౌను పైకప్పు కారిందట. తోళ్ళు నానిపోయి బూజు పట్టాయట. పట్టనివాటిని ఎలుకలు కొరికాయట. చెక్క చట్రాలు మాత్రం గోడకి వేలాడుతున్నాయి, అడుగు ఊడిన జల్లెడల్లాగా.

జింజా ఉగాండాలో ఒక ఊరు. నైలు నది అక్కడే పుడుతుంది. ఆ ఊళ్ళో ఒక తోళ్ళ ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు పనిచేశాను. ఫ్యాక్టరీ గోడ పక్కన పాత గోడౌనులో కొందరు పిల్లలు ఆటా పాటా నేర్చుకునేవాళ్ళు. ఇల్లు లేనివాళ్ళు, బడి మానేసినవాళ్ళు. వాళ్ళకి వాళ్ళ డప్పులు ఉన్నాయి కానీ అవి నిలబెట్టి కొట్టేవి. భుజాన వేసుకుని నడుస్తూ ఆడుతూ కొట్టేది లేదు. సాయంత్రాలు పని దిగాక మన డప్పు కట్టి ఇచ్చాను. అప్పుడు బబీర్యేకి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు ఆ సంస్థని ఆమే నడుపుతోంది. అరవైమంది పిల్లలు. మన డప్పుని అక్కడ కొటాయ అంటారు. నా పేరు కోటయ్య.

మూడేళ్ళ కిందట, ఐర్లండులో మా అబ్బాయి దగ్గరికి వచ్చాక, ఒకసారి వెళ్ళి నెలరోజులు ఉండి ఇద్దరు కుర్రాళ్ళకి తోలు పని నేర్పి వచ్చాను. ఇద్దరూ దుబాయి వెళ్ళి వాచ్‌మన్లు అయ్యారు. వాళ్ళని ఏమీ అనలేను. నేనూ అట్లా ఊరు విడిచినవాణ్ణే.

"అక్టోబరులో ఊరి పండగ," అంది బబీర్యే. "మనం ఊరేగింపు ఆడుతున్నంతకాలమే గోడౌను మనది. ఈసారి ఆడకపోతే మునిసిపాలిటీ వాళ్ళు సిమెంటు వ్యాపారికి ఇచ్చేస్తారు. ఎప్పుడొస్తావు?"

"వస్తాను," అన్నాను. ఎవరినీ అడగకుండానే అన్నాను.

మా అబ్బాయి పురుషోత్తానికి అది నచ్చలేదు. మేం ఉండేది ఐర్లండులో, డండాక్ అనే ఊళ్ళో. వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ రెండు మూడేళ్ళలో కంపెనీలు వరసపెట్టి పెరిగి, మన తెలుగువాళ్ళే నలభై కుటుంబాలు దిగాయి ఈ ఊళ్ళో. అద్దె ఇల్లు దొరకడం గగనమైపోయింది. మా ఆవిడ సుందరమ్మ పోయాక నేను వాడి దగ్గరే ఉంటున్నాను.

"నాన్నా, ఫిబ్రవరిలో గుండెకి స్టెంట్ ఏశారు. మర్చిపోయావా?"

"ఏశారుగా. ఇంకేంది?"

"డాక్టరేమంది?"

డాక్టర్ సత్యవాణి మన కర్నూలు అమ్మాయే. 'సెప్టెంబర్లో చూద్దాం అంకుల్' అంది. నేను దాన్ని సరే అన్నట్టు తీసుకున్నాను.

పురుషోత్తం ఇంకో దారి చెప్పాడు. వాళ్ళ కంపెనీ ఏటా ఒక సేవా సంస్థని ఎంచుకుంటుంది. ఉద్యోగులంతా ఓట్లు వేస్తారు. గెలిచిన సంస్థకి సాయం అందుతుంది, అయిదుగురు ఉద్యోగులు రెండువారాలు వెళ్ళి పనిచేసి వస్తారు. "జింజా పేరు నేను పెడతా. పైకప్పు ఏయించుకోవచ్చు. సెప్టెంబర్లో నువ్వు కూడా వాళ్ళతోనే ఎళ్ళొచ్చు. కాకపోతే చిన్న వీడియో తియ్యాలి, నీతో."

తియ్యమన్నాను.

జులైలో ఈఫా అనే అమ్మాయి కెమెరా పట్టుకుని వచ్చింది. మావాడి కంపెనీలోనే పని. పెరట్లో కుర్చీ వేసి కూచోబెట్టింది. నేను తెలుగులో చెప్పాలి, పురుషోత్తం ఇంగ్లీషులో చెప్తాడు. ఈ పని మీకు ఎలా వచ్చింది అని అడిగింది.

నేను మాట్లాడేది తక్కువ. ఆ రోజు మాత్రం పిల్లల కోసమని కాస్త ఎక్కువే చెప్పాను.

"మా అయ్య డప్పు కొట్టేవాడు. చావులకీ, జాతర్లకీ. ఊళ్ళో గొడ్డు చస్తే మేమే ఈడ్చుకుపోయి తోలు తీసేవాళ్ళం. దాన్ని సున్నంలో నానేసి, గీకి, చింతగింజల జిగురుతో చట్రానికి అంటించేవాళ్ళం. మాదిగోళ్ళం. అది మా పని."

పురుషోత్తం దాన్ని ఇంగ్లీషులో ఇలా చెప్పాడు. మా నాన్నది తరతరాల సంగీత కుటుంబం, గుళ్ళల్లో ఉత్సవాలకి వాయించేవాళ్ళు, ఇది ఒక ప్రాచీన కళ అని.

పదిహేనేళ్ళు ఉగాండాలో ఉన్నవాడికి ఆ మాత్రం ఇంగ్లీషు రాదా? ఈఫా "గ్రాండ్, గ్రాండ్" అంటూ బొటనవేలు చూపించింది.

ఆమె వెళ్ళాక కుర్చీలు లోపల పెడుతుంటే అడిగాను.

"ఆ గొడ్డు ఎటు పోయిందిరా?"

"ఏ గొడ్డు?"

"నేను ఈడ్చుకుపోయింది. నీ ఇంగ్లీషులో కనపళ్ళా."

"అయన్నీ వీళ్ళకి అర్థం కావు నాన్నా."

"వీళ్ళకా? గురుమూర్తికా?"

గురుమూర్తి మా వీధి చివర ఉంటాడు. పురుషోత్తం కంపెనీలోనే మేనేజరు. మన తెలుగువాళ్ళ పండగలన్నీ అతని చేతిమీదే జరుగుతాయి.

పురుషోత్తం కుర్చీ కింద పెట్టాడు. గొంతు పెంచలేదు. "నన్ను గుంటూరు హాస్టల్లో చేర్పించి నువ్వు ఆ జింజాకి పోయిన రోజు గుర్తుందా? గేటు కాడ ఏం చెప్పావు? ఎవరన్నా అడిగితే మా నాయన ఫారిన్ కంపెనీలో మేనేజరని చెప్పు, తోలు మాట నోట్లోంచి రానీమాకు అన్నావు. పన్నెండేళ్ళు నాకప్పుడు. అప్పట్నుంచీ అదే చెప్తన్నా. ఇయ్యాల కెమెరా ముందు మార్చమంటే ఎట్టా?"

నేను అట్లా అన్నమాట నిజమే. తోలు తొట్టి దగ్గరికి వాణ్ణి ఎప్పుడూ రానిచ్చినవాణ్ణి కాదు. చేతికి వాసన అంటితే పోదని, ఆ వాసనతో బళ్ళో కూచోబెట్టరని నాకు తెలుసు. నా చదువు మూడో తరగతితో ఆగింది అందుకే.

ఆగస్టులో ఓట్ల రోజున ఆఫీసులో చూపించడానికి ఒక డప్పు కట్టాలనుకున్నాను. వీడియోలో ఏం చెప్పినా, డప్పు అబద్ధం చెప్పదుగదా. హలాల్ షాపులో అడిగితే మేకపిల్ల తోలు ఇచ్చారు. సామాన్ల కొట్లో సున్నం బస్తా దొరికింది. పెరట్లో షెడ్డు వెనక ప్లాస్టిక్ తొట్టిలో నానేశాను.

మనుమరాలు ఆమని ముక్కు మూసుకుంది. "తాతా, దట్స్ రాటన్! వాట్ ఈజ్ ఇట్?"

"మేక."

"ఈజ్ ఇట్ డెడ్?"

"చానా."

అది పకపకా నవ్వి లోపలికి పరిగెత్తింది.

ఇక్కడి సున్నం ఘాటు. మన దగ్గర ఏడురోజులు పట్టేది ఇక్కడ అయిదురోజులకే వచ్చింది. శుక్రవారం పొద్దున బొటనవేలితో నొక్కి చూస్తే వెంట్రుకలు ఊడి వస్తున్నాయి. మధ్యాహ్నంలోపు తీసి కడిగి గీకాలి. ఆలస్యమైతే తోలు ఉబ్బి పీచులు పీచులుగా వస్తుంది.

ఆ శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం.

మా కోడలు వసుంధర మా వాళ్ళ పిల్ల కాదు. పురుషోత్తాన్ని ఇష్టపడి, అన్నీ తెలిసే చేసుకుంది. పదిహేనుమంది ఆడవాళ్ళని పేరంటానికి పిలిచింది. నేను తోలు కత్తి పట్టుకుని మెట్లు దిగుతుంటే ఎదురొచ్చింది.

"మామయ్యా, ఇవాళొక్కరోజు."

"ఇయ్యాలే తియ్యాలమ్మా. లేకపోతే పోద్ది."

"నాకేం ఇబ్బంది లేదు మామయ్యా, మీకు తెలుసు. వాళ్ళకుంటుంది. ఒక్క రెండు గంటలు పైన కూర్చోండి. వెళ్ళగానే నేనే పిలుస్తాను."

పైకి వెళ్ళి కూచున్నాను. పేరంటాలు రెండు గంటల్లో అయ్యేవి కావని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. వెళ్ళి తియ్యచ్చు. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. కూచున్నాను, అంతే. కింద గలగలా మాటలు, గాజుల చప్పుడు. గురుమూర్తి భార్య గిరిజాకుమారి గొంతు అందరికంటే పైన వినబడింది.

"వసుంధరా, ఏదో వాసన వస్తోంది కదూ?"

"డ్రెయిన్ అండీ. ల్యాండ్‌లార్డుకి మెయిల్ పెట్టాం. రావట్లేదు."

"ఈ ల్యాండ్‌లార్డులు అంతేనమ్మా. అద్దె పెంచడానికైతే పొద్దున్నే వస్తారు. అవునూ, నీ పులిహోర మాత్రం నీదే సుమా. బతుకమ్మకి కూడా నువ్వే చెయ్యాలి."

సాయంత్రం ఆరింటికి వసుంధర తలుపు కొట్టింది. చేతిలో పులిహోర పళ్ళెం. బయట ఇంకా ఎండగానే ఉంది. నేను పళ్ళెం అందుకోకుండా కిందికి దిగిపోయాను. తోలు ఎత్తితే చేతిలోనే చిరిగింది. తడిసిన అట్టముక్కలాగా.

వెనక వసుంధర వచ్చి నిలబడింది. "సారీ మామయ్యా," అంది.

ఆమెమీద కోపం రాలేదు. వస్తే బాగుండేది. అంతసేపు పైన కూచుంది నేనేగా.

డప్పు లేకుండానే ఓట్లు జరిగాయి. జింజానే గెలిచింది. వీడియో అందరికీ నచ్చిందట. ప్రాచీన కళ అన్నమాట మరీ నచ్చిందట. పురుషోత్తం ఇంటికి వచ్చి చెప్పినప్పుడు మొహం వెలగలేదు.

సెప్టెంబరు మొదటివారంలో డాక్టర్ సత్యవాణి కాగితాలన్నీ తిరగేసింది. "వద్దు అంకుల్. అంత దూరం ప్రయాణం, అక్కడ ఎండ... ఇంకో ఆర్నెల్లు ఆగి చూద్దాం."

"అప్పుడూ చూద్దామనే అన్నావుగదమ్మా."

"అవును అంకుల్. చూశాను. వద్దంటున్నాను."

వెళ్ళే అయిదుగురిలో పురుషోత్తం పేరు వచ్చింది. గోడలకి రంగులు వేస్తారట, వెబ్‌సైట్ చేసిపెడతారట. నేను రాలేనని బబీర్యేకి ఫోన్లో చెప్పాను.

"ముజే," అంది, "ఏటా ఎవరో ఒకరు తెల్లవాళ్ళ దేశంనుంచి వచ్చి గోడలకి రంగు వేసి పోతారు. ఆ రంగులన్నీ కలిపితే గోడ జానెడు మందం అయింది. గోడలు ఊరేగింపు ఆడతాయా? తోలు పని ఎవరు చేస్తారు?"

"మావాడు వస్తన్నాడు."

"నీ కొడుకా? అయితే ఇంకేం! వాడికి వచ్చుగా?"

పక్కనే పురుషోత్తం ఉన్నాడు. ఆమె గొంతు పెద్దది. విన్నాడు.

"పండగ ఎప్పుడంట?" అని అడిగాడు.

"అక్టోబరు తొమ్మిది."

"నువ్వు చేసి చూపిస్తే వీడియో తీసుకుంటా. అక్కడ వాళ్ళకి చూపిస్తా."

"ఫోన్లో చూస్తే వచ్చే పనారా ఇది? వాసన చూడాలి. బొటనవేలు చెప్పాలి."

వాడు విసుక్కున్నాడు. "మరేం చెయ్యమంటావ్? నువ్వు పోలేవు. నన్ను నేర్చుకోనీలా. నా తప్పా అది?"

"కాదు," అన్నాను.

ఆదివారం వాడే హలాల్ షాపుకి వెళ్ళి తోలు తెచ్చాడు. నల్ల కవరులో చుట్టి, కారు డిక్కీలోంచి పక్క గేటు గుండా, అటూ ఇటూ చూసుకుంటూ తెచ్చాడు. నాకు నవ్వొచ్చింది. వాడి బడివాళ్ళ కంట పడకుండా ఊళ్ళో నేను చేసిందీ అదే. సున్నం ఈసారి పలచగా కలిపించాను. చేతులు పెట్టమంటే వంటింటి గ్లౌజులు వేసుకొచ్చాడు.

"తియ్యి అయ్యి."

"కాలుద్ది నాన్నా."

"కాలకపోతే ఎట్టా తెలుసుద్ది?"

తీశాడు. రోజూ ఆఫీసునుంచి రాగానే తోలు తిరగేసి నొక్కి చూసేవాడు. అయిందా అని అడిగేవాడు. నువ్వే చెప్పు అనేవాణ్ణి. గురువారం అయిందన్నాడు. కాలేదు. శుక్రవారం ఏమీ అనలేదు. శనివారం పొద్దున నన్ను అడక్కుండానే తీసి కడిగాడు. సరిగ్గా అప్పుడే తియ్యాలి. ఆ మాట పైకి చెప్పలేదు.

మొద్దు దుంగమీద తోలు పరిచి ఇద్దరం గీకుతున్నాం. మోచేతులదాకా వెంట్రుకలు, తెల్లటి జిడ్డు. వాడు కత్తి నిలువుగా పడుతున్నాడు.

"పండబెట్టు. గడ్డం గీసుకున్నట్టు."

"ట్రిమ్మర్ వాడతా నేను."

"అందుకే ఇట్టా తగలడ్డది."

పక్క గేటు చప్పుడైంది. గురుమూర్తి. చేతిలో మా టిఫిన్ డబ్బా, వ్రతంనాడు గిరిజాకుమారి పులిహోర పెట్టుకెళ్ళినది. బెల్ కొట్టినా ఎవరూ పలకలేదని ఇటు వచ్చాడట.

"ఏవండీ పురుషోత్తంగారూ... ఏమిటండీ ఇది?"

వాడు నోరు తెరిచేలోపు నేనే అనేశాను. "ఎరువండీ. తోటకి ఎరువు. ఇక్కడ బస్తాలది పనిచెయ్యట్లేదని..."

ఎందుకు అన్నానో తెలియదు. ఎవరూ అడగకముందే ఆ మాట నోట్లో తయారుగా ఉంది. జులైనుంచీ కొడుకుమీద గుర్రుగా ఉన్నవాణ్ణి, అవకాశం రాగానే వాడికంటే ముందు నేనే దాచాను.

పురుషోత్తం కత్తి కింద పెట్టలేదు. నావంక చూశాడు. తర్వాత గురుమూర్తివంక చూశాడు.

"కాదండీ. తోలు. మేక తోలు. మా నాన్న తోలు పనివాడు. మా తాత డప్పు కొట్టేవాడు. నేను నేర్చుకుంటున్నా."

గురుమూర్తి తల ఊపాడు. చాలాసార్లు ఊపాడు. "ఓహో. మంచిదేనండీ, మంచిదే. ఆర్ట్ కదా. కల్చర్." డబ్బా మాకు అందించబోయి, మా చేతులు చూసి, గోడమీద పెట్టాడు. "బిజీగా ఉన్నారు. మళ్ళీ కలుద్దాం."

గేటు జాగ్రత్తగా వేసి వెళ్ళాడు.

"ఇటువైపు ఇంకా వెంట్రుకలున్నాయి," అన్నాను. గీకాడు. మరీ గట్టిగా గీకి ఒకచోట చిల్లు పెట్టాడు. తిట్టాను. ఆ తిట్టు వేరేదానికి, వాడికీ తెలుసు.

ఆదివారం వాడు విమానం ఎక్కాడు.

ఆ వారంలోనే బతుకమ్మకి ఎవరెవరు ఏం తేవాలో తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టారు. వసుంధర వంటింట్లో నిలబడి చదివింది. మళ్ళీ చదివింది.

"ఏందమ్మా?"

"ఏం లేదు మామయ్యా. ఈసారి నన్ను పేపర్ ప్లేట్లు, వాటర్ బాటిల్స్ తెమ్మన్నారు."

"పులిహోరో?"

"సరోజగారు చేస్తారట."

ఫోను బోర్లా పెట్టింది. తర్వాత చింతపండు నానబెట్టింది. ఆ సాయంత్రం పెద్ద గిన్నెడు పులిహోర చేసింది. బతుకమ్మకి వెళ్ళలేదు. నేనూ, ఆమే, ఆమనీ మూడురోజులు అదే తిన్నాం. "మమ్, నాట్ అగెయిన్," అని ఆమని ఏడుపు మొహం పెట్టినా ఆమె వినలేదు.

జింజానుంచి పురుషోత్తం ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వెళ్ళినరోజే ఎనిమిది తోళ్ళు నానేశాడు. ఆరురోజుల తర్వాత లెక్క చెప్పాడు.

"నాన్నా, ఏడు పోయినయ్."

"ఎట్టా?"

"మూడు కుళ్ళినయ్. రెండు గీకేప్పుడు చినిగినయ్. రెండు కుక్క ఎత్తకపోయింది."

"కుక్క ఎత్తకపోయేదాకా నువ్వేం చేస్తన్నావు?"

"వెబ్‌సైట్ చేస్తన్నా!"

"ఒక్క డప్పుతో ఊరేగింపు ఆడరు. వెబ్‌సైట్ మానేసి తొట్టి కాడ కూచో."

బబీర్యే ఫోన్ లాక్కుంది. "ముజే, నీ కొడుకు చేతులు బొబ్బలెక్కాయి."

"ఎక్కనీ," అన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. అక్కడ నేనుంటే ఏడూ పోయేవి కావు. ఇక్కడ కూచుని ఫోన్లో అరవడం తప్ప ఏం చెయ్యగలను?

రెండువారాలు అయ్యాక మిగతా నలుగురూ తిరిగి వచ్చేశారు. వాడు రాలేదు. సెలవు పెట్టాడు. వసుంధరకి చెప్పావా అని అడిగితే, ఉండమన్నది తనేనన్నాడు.

పండగకి ఆరు డప్పులయ్యాయి. పన్నెండుమంది ఆడాల్సినచోట ఆరుగురు ఆడారు. మునిసిపాలిటీ వాళ్ళు గొణుక్కుని ఇంకో ఏడాదికి గోడౌను ఉంచారు. బబీర్యే సంతోషపడింది. నాకు పన్నెండు కావాలి. ఆరు ఆరే.

ఊరేగింపు వీడియో పంపితే నాలుగుసార్లు విన్నాను. మూడో డప్పు మోత బొంగురుగా ఉంది. తోలు పూర్తిగా ఆరకముందే మంట చూపించారు. వెంటనే ఫోన్ చేశాను.

"పురుషోత్తం, ఆ మూడోది ఇప్పేసి మళ్ళీ కట్టు. పచ్చిగా ఉండగా కాచావు. మోత చూడు ఎట్టా ఉందో. నేను చెప్పింది ఒక్కటన్నా..."

"నాన్నా, తొట్లో ఇంకో ఆరున్నయ్. తియ్యాల్సిన టైమైంది. తర్వాత చేస్తా," అని ఫోన్ పెట్టేశాడు.